ఉక్కునగరంలో నింపాది పొగ

మామ్మల చుట్ట ఘాటు, మనవళ్ల సిగార్ మృదువు. జంషెడ్‌పూర్ తెలుగు ఇళ్లలో మూడు తరాలుగా రగులుతున్న పొగాకు కథ ఇది

జంషెడ్‌పూర్‌లో పొగ అంటే ముందు గుర్తొచ్చేది చిమ్నీలే. 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మె తయారైనప్పటి నుంచి ఈ ఊరు పొగ ఆగిపోతే కంగారు పడిందిగాని వస్తే కాదు. పొగ వస్తోందంటే కొలిమి నడుస్తోందని, నెలాఖరుకు జీతం అందుతుందని అర్థం. రాత్రిళ్లు కరిగిన స్లాగ్‌ను పారబోస్తుంటే ఆకాశం ఒక పక్క నారింజ రంగుకు తిరగడం పాత తరానికి ఇప్పటికీ గుర్తే.

ఈ ఊళ్లో ఇంకో రకం పొగ కూడా ఉంది. అది చాలా చిన్నది, నింపాదిగా వచ్చేది. సోనారి, కదమా వైపు సాయంత్రం పూట ఏ వరండాలోనో, క్లబ్బు పచ్చికలో ఒక మూలనో కనిపిస్తుంది. లేత గోధుమ రంగు సిగార్, పక్కన కాఫీ కప్పు, చేతికందే దూరంలో ఒక బూడిద పళ్లెం. కూర్చున్నాయన ముప్పై ఏళ్లు కర్మాగారంలో చేసి రిటైరైన ఇంజినీరు కావచ్చు. సిగార్ల పెట్టె డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవులకు వచ్చిన కొడుకు విమానాశ్రయంలో కొన్నది కావచ్చు. 2016 నాటి బ్యాగేజి నిబంధనలు విదేశాల నుంచి వచ్చే ప్రయాణికుడు 25 సిగార్ల వరకు సుంకం లేకుండా తెచ్చుకోవడానికి అనుమతించాయి. సరిగ్గా ఒక పెట్టెకు సరిపోయే లెక్క.

బయటి నుంచి చూసేవారికి ఇది దొరల అలవాటులా ఉంటుంది. నిజానికి చుట్ట తెలుగువాడికి కొత్త కాదు. ఈ ఊరి తెలుగువాడికి అసలే కాదు.

ముందు ఆ పెట్టెలో ఉన్నదేమిటో చూద్దాం. మంచి సిగార్‌లో కాగితం ఉండదు, సువాసన ద్రవ్యాలూ ఉండవు. మొత్తం ఆకే. లోపల నింపే ఆకు, దాన్ని పట్టి ఉంచే కట్టు ఆకు, పైన చుట్టే ఆకు అని మూడు పొరలు. నింపే ఆకు ఘాటు మొక్కలో దాని స్థానాన్ని బట్టి మారుతుంది. అడుగు ఆకులు బాగా కాలతాయి కాని రుచి తక్కువ. నడిమి ఆకులకు వాసన ఎక్కువ. ఎండ బాగా తగిలే పై ఆకులు మందంగా, జిడ్డుగా ఉంటాయి, బలమంతా వాటిదే. మృదువైన సిగార్ చుట్టేవారు పై ఆకులను చాలా పొదుపుగా వాడతారు. మధ్య రకానికి చేరేసరికి ఒక పాలు పెంచుతారు.

పైన చుట్టే ఆకు సంగతి వేరు. అమెరికాలోని కనెక్టికట్ లోయ రైతులు 1900 ప్రాంతంలో సుమత్రా ఆకుతో పోటీ పడలేక పొలాలపై గుడ్డ పందిళ్లు వేయడం మొదలుపెట్టారు. నేరుగా ఎండ పడకపోవడంతో ఆకు పల్చగా, సాగే గుణంతో, ఈనెలు పైకి కనిపించకుండా పెరిగింది. మెత్తని సిగార్‌కు ఆ లేత బంగారు రంగు అప్పటి నుంచి గుర్తయింది. తర్వాత అదే వంగడాన్ని ఈక్వడార్‌లోనూ పండించారు. అక్కడ గుడ్డ పందిళ్ల పని మబ్బులే చేసిపెడతాయి. 1962లో అమెరికా క్యూబాపై వాణిజ్య ఆంక్షలు విధించాక డొమినికన్ రిపబ్లిక్, హోండురాస్, నికరాగువా దేశాలు ఈ వ్యాపారంలో పైకొచ్చాయి. మృదువైన రకాలకు డొమినికన్ రిపబ్లిక్ పెట్టింది పేరు. క్యూబా సిగార్లతోనే పేరు తెచ్చుకున్న డేవిడాఫ్ సంస్థ కూడా 1990ల ఆరంభంలో తయారీని అక్కడికే మార్చుకుంది.

కోసిన ఆకు నేరుగా సిగార్ కాదు. నీడన ఆరబెట్టాక కుప్పలుగా పేరుస్తారు. కుప్ప లోపల వేడి పుడుతుంది. ఒక హద్దు దాటకుండా కుప్పను విప్పి, అడుగుది పైకి, పైది అడుగుకు మార్చి మళ్లీ పేరుస్తారు. పచ్చి ఆకులోని అమ్మోనియా ఘాటు ఇలా వారాల తరబడి బయటికి పోతుంది. ఆ తర్వాత నెలలు, ఒక్కోసారి ఏళ్లు నిల్వ ఉంచుతారు. ఆవకాయ ఊరడాన్ని చూసిన ఇంట్లో ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

తాగే పద్ధతికి వస్తే, సిగరెట్ అలవాటున్నవాడికి తొలి సిగార్ ఒక పరీక్షే. మూసి ఉన్న తల వైపు రెండు మిల్లీమీటర్లకు మించకుండా కోయాలి. లోతుగా తెగిందంటే పై ఆకు విచ్చుకుంటుంది. వెలిగించేటప్పుడు మంటను ఆకుకు తాకించరు. కాస్త ఎడంగా పట్టి, తిప్పుతూ, అంచంతా సమంగా కమిలేలా చూస్తారు. అప్పుడే నోట పెట్టుకుంటారు. నిమిషానికి ఒక్క దమ్ము చాలు. పొగ గొంతు దిగదు. నోట్లో నిలిపి వదిలేయడమే. తొందరపడి వరసగా పీలిస్తే సిగార్ వేడెక్కి చేదెక్కుతుంది, మృదువైన రకమైతే మరీ త్వరగా. ఐదంగుళాల పొడవు, 50 గేజి లావు ఉన్న రోబస్టో రకం ముప్పావు గంట నుంచి గంట దాకా వస్తుంది. గేజి అంటే అంగుళంలో అరవై నాలుగో వంతు. అంటే రోబస్టో మందం రెండు సెంటీమీటర్లు.

రుచి గురించి పాశ్చాత్య రచనలు దేవదారు చెక్క, మీగడ, ఎండుగడ్డి, బాదం అంటూ వర్ణిస్తాయి. తెలుగు నాలుకకు వేరే పోలికలు తడతాయి. మొదటి పది నిమిషాలు వరిగడ్డి కుప్ప దగ్గర నిలబడ్డ వాసన. ఆ తర్వాత పలాస జీడిపప్పు నేతిలో వేగుతున్నట్టు ఒక కమ్మదనం. సగం దాటాక ముక్కు లోపల తెల్ల మిరియాల చురుకు, చివర కాస్త కాఫీ గింజ చేదు. మధ్య రకం సిగార్‌లో ఆ చురుకు ముందే వస్తుంది, ఎక్కువ సేపు ఉంటుంది. ఘాటు రకాల్లో ఇన్ని తేడాలు పట్టుకోవడం కొత్తవారికి కష్టం. బలం మిగతావన్నీ కప్పేస్తుంది. మెత్తనిది కొత్తవాళ్లకని, గట్టిది అనుభవజ్ఞులకని ఒక మాట చలామణిలో ఉంది. అందులో పస లేదు. తక్కువ ఆకుతో ఎక్కువ చెప్పించడమే చుట్టేవాడికి కష్టమైన పని. మెత్తని సిగార్‌లో తప్పు దాచుకోవడానికి చోటుండదు.

పక్కన ఏం తాగాలన్నది ఇంకో చర్చ. విస్కీ అని చాలామంది అంటారు. లేత సిగార్‌ను విస్కీ మింగేస్తుంది. పాలు ఎక్కువ, చక్కెర తక్కువ వేసిన ఫిల్టర్ కాఫీ దీనికి తగిన జోడీ. ఈ విషయంలో జంషెడ్‌పూర్ దక్షిణాది ఇళ్లు స్కాట్లండ్ కంటే ఒక అడుగు ముందే ఉన్నాయి.

సిగార్‌ను ఈ ఊళ్లో కాపాడుకోవడం మాత్రం పెద్ద తలనొప్పి. దానికి 65 నుంచి 70 శాతం తేమ, 18 నుంచి 21 డిగ్రీల చల్లదనం కావాలి. జంషెడ్‌పూర్‌లో మే నెల వడగాడ్పుకు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి ఆకు పెళుసుబారుతుంది. జులైలో దాల్మా కొండల మీది మబ్బు దిగిందంటే అదే ఆకు ఉబ్బి, దమ్ము లాగితే కదలదు. పాతిక డిగ్రీలు దాటి, తేమ కూడా తోడైతే ఆకులో నిద్రపోతున్న పొగాకు పురుగు గుడ్లు పగులుతాయి. సూది మొనంత రంధ్రాలు కనిపించేసరికి పెట్టె సగం పోయినట్టే. దేవదారు పలకలు పరిచిన పెట్టె, తేమను ఇచ్చి పుచ్చుకునే చిన్న సంచులు, ఏసీ గదిలో ఒక అర. ఒక్క సిగార్ కోసం ఇంత ఏర్పాటు. శ్రీకాకుళం మామ్మ అదే పొగాకును రొంటిన దోపుకుని పొలం పనంతా చేసింది.

ఆ మామ్మ ఈ ఊరికి ఎలా వచ్చింది? జంషెడ్జీ టాటా కలగన్న కర్మాగారానికి భూగర్భ శాస్త్రవేత్త పి.ఎన్. బోస్ 1904లో రాసిన లేఖ దారి చూపింది. గోరుమహిసాని కొండల్లో మేలైన ఇనుప ఖనిజం ఉందన్నది దాని సారాంశం. 1907లో కంపెనీ ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట, సాక్చి అనే పల్లె దగ్గర అడవి నరికి పని మొదలుపెట్టారు. 1919 జనవరిలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. కాలిమాటి రైల్వే స్టేషన్ టాటానగర్ అయింది. కొలిమి పని తెలిసినవారు అమెరికా, జర్మనీల నుంచి వచ్చారు. టుట్‌విలర్, కీనన్ వంటి అమెరికన్లు జనరల్ మేనేజర్లుగా పనిచేశారు. ఆ కుర్చీలో తొలి భారతీయుడు జహంగీర్ గాంధీ కూర్చునేసరికి 1938 వచ్చింది.

తట్ట మోసే చేతులు, గునపం పట్టే చేతులు మాత్రం చుట్టుపక్కల ఆదివాసీ పల్లెల నుంచి, బిహార్, ఒరిస్సా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాల నుంచి, అలాగే గంజాం, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చాయి. ఉత్తరాంధ్ర మనిషికి బెంగాల్ నాగపూర్ రైల్వే అంటే ఇంటి ముందు బండి కిందే లెక్క. ఖరగ్‌పూర్‌లో కొందరు దిగిపోయారు, మరికొందరు టాటానగర్ దాకా వచ్చారు. రెండో తరం ఫోర్‌మన్లయింది, మూడో తరం ఇంజినీర్లయింది. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్తులు కట్టుకున్న రామమందిరం, కదమాలోని ఆంధ్రా అసోసియేషన్ ఆ ప్రయాణానికి గుర్తులు. ఇంట్లో మాట్లాడే తెలుగులో ఇప్పటికీ ఉత్తరాంధ్ర యాస వినిపిస్తుంది, మధ్యమధ్యలో హిందీ దొర్లుతూ ఉంటుంది.

ఆ యాసతోపాటే చుట్ట కూడా వచ్చింది. వట్టి చుట్ట కాదు, అడ్డపొగ. నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చే పద్ధతి. ఉత్తరాంధ్ర తీరంలో ఇది ముఖ్యంగా ఆడవాళ్ల అలవాటు. ఎందుకలా అంటే ఎన్నో జవాబులు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు. చంకలో బిడ్డ మీద బూడిద రాలదు. నాట్లేస్తున్నా, చేపలు ఎండబెడుతున్నా రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. చుట్ట తడిగా ఉండి ఎక్కువసేపు వస్తుంది. చూసేవారికి వింతగా ఉన్నా పని చేసుకునే మనిషి లెక్కలో ప్రతి కారణమూ సబబైనదే.

దీన్ని తొలిసారి భారీ ఎత్తున లెక్కగట్టింది ఒక టాటా సంస్థే. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంత పరిశోధన విభాగం డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్‌తో కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించింది. 1971లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవారే. అంగిలి మీద తెల్లమచ్చలు, ఎర్రమచ్చలు, పుళ్లు, కొందరికి క్యాన్సర్. మామూలుగా క్యాన్సర్ అరుదుగా వచ్చే చోటు అంగిలి. ఇక్కడ అదే ముఖ్యమైన చోటయింది. ఆ లెక్కన చూస్తే ఉక్కునగరానికి రైలెక్కిన కుటుంబాల్లో అడ్డపొగ ఎరగని మామ్మ ఉన్న ఇల్లు తక్కువే అయి ఉండాలి. కర్మాగారం పెట్టిన పేరే పరిశోధన సంస్థకూ ఉంది. ఒకటి ఆ ఊళ్ల మనుషులను పనిలోకి తీసుకుంటే, రెండోది ఆ ఊళ్లకే వెళ్లి వారి నోళ్లు చూసింది.

కథ అక్కడితో ఆగలేదు. ఆ బృందమే ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడకందార్లను ఎంచుకుని, సినిమాలు, పోస్టర్లు, ఇంటికెళ్లి చెప్పే మాటలతో అలవాటు మాన్పించే ప్రయత్నం చేసింది. 1986లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. వినకపోయినా పరవాలేదన్నట్టు సాగే ఆరోగ్య ప్రచారాల మధ్య ఇది వేరు. మానేసినవారిలో, తగ్గించినవారిలో నోటి మచ్చలూ తగ్గాయి. అడ్డపొగ పూర్తిగా పోలేదు. కాని మనవరాలికి అది తాను చేసే పని కాదు, మామ్మ చేసిన పని.

చిత్రం ఏమిటంటే తెలుగు పొగాకుకు ఒకప్పుడు ప్రపంచంలో మర్యాద తక్కువేమీ కాదు. గోదావరి వరద తీశాక లంకల మీద మిగిలే ఒండ్రులో పండే ఆకును లంక పొగాకు అన్నారు. ఆ ఆకుతో చుట్టిన చుట్ట మద్రాసు ప్రెసిడెన్సీ దొరలకు ప్రీతిపాత్రమైంది. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ‘లంక’ మాటకు ప్రత్యేకంగా చోటు దక్కింది. గోదావరి డెల్టా దీవుల్లో పండే పొగాకుతో చేసే ఘాటైన చుట్ట అని అందులో వివరణ. 1890లో కానన్ డాయల్ రాసిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్ బూడిద చూసి పొగాకు రకం చెప్పే తన విద్యను వివరిస్తూ ఉదాహరణకు ఎంచుకున్నవాటిలో ఈ లంక చుట్ట ఒకటి. హంతకుడు అది తాగేవాడైతే వెతకాల్సినవారి సంఖ్య తగ్గిపోతుందన్నది అతని వాదన. ఇంగ్లిషువాళ్లు చుట్టను చెరూట్ అన్నారు. అది మన పక్క భాష తమిళం నుంచి వెళ్లిన మాట.

ఇక మన సాహిత్యంలో చుట్టకు గిరీశాన్ని మించిన ప్రచారకర్త లేడు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడి, 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో అతను శిష్యుడు వెంకటేశానికి నేర్పిన చదువులో పొగ తాగడం ముఖ్యమైన పాఠం. పొగ తాగనివాడి మరుజన్మ గురించి అతని నోట వచ్చే పద్యం పాఠ్యపుస్తకం అక్కర్లేకుండానే తెలుగువారికి కంఠస్థం. నవ్వించడానికి పెట్టిన పద్యాన్ని ప్రమాణంగా తీసుకున్నవారికీ కొదవ లేదు. గిరీశం తిరిగిన విజయనగరం, జంషెడ్‌పూర్ తెలుగువారి పూర్వీకుల విజయనగరం ఒకటే.

దీన్నిబట్టి చూస్తే వరండాలో సిగార్ పట్టుకున్న మనవడు కొత్త అలవాటు చేసుకోలేదు. పాతదాన్నే తిప్పి పట్టుకున్నాడు, నిప్పు ఈసారి బయటికి. కాని సమాజం రెండింటినీ ఒక్కలా చూడదు. మామ్మ తాగితే మోటు, మనవడు తాగితే అభిరుచి. ఆకు ఒకటే, మగ్గబెట్టే సూత్రం ఒకటే. తేడా అంతా కుర్చీలోనూ, పెట్టె ధరలోనూ ఉంది. మామ్మ చుట్ట వెనక ఒక రోజు కూలి ఉంది. ఆ కూలీతోనే మనవడి చదువు మొదలైంది. సిగార్ సమీక్షలు రాసేవారు ‘నాణ్యత’ అన్నప్పుడు ఈ లెక్క వారి కంటికి ఆనదు.

జంషెడ్‌పూర్‌లో సగటు మనిషి పొగాకు వేరే రూపంలో ఉంటుంది. సాక్చి బజారులో అరచేతిలో సున్నంతో నలిపి చరిచే చప్పుడు వినిపించిందంటే అది ఖైనీ. ఆదివాసీ పల్లెల్లో సాల ఆకులో చుట్టుకునే పొగాకు ఉంది. ఇదే జార్ఖండ్ కెందు ఆకు దేశమంతటా బీడీ అవుతుంది. 2016-17 జాతీయ పొగాకు సర్వే నాటికి జార్ఖండ్ పెద్దల్లో 38.9 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. అందులో అత్యధికులు నమిలేవారే. ఆ సముద్రంలో సిగార్ ఒక చుక్క కూడా కాదు. కనుకనే చట్టాలు రాసేవారికి దాని గురించి పెద్దగా బెంగ లేదు.

చట్టం దాన్ని వదిలేసిందనీ కాదు. 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడంపై దేశవ్యాప్త నిషేధం అమలులోకి వచ్చింది. క్లబ్బుల బార్‌ల నుంచి సిగార్ పచ్చికలోకి, ఇంటి వరండాలోకి వచ్చిన వైనం అదే. జార్ఖండ్ శాసనసభ 2021లో మరో అడుగు వేసి, జరిమానాను 200 నుంచి వెయ్యి రూపాయలకు పెంచుతూ, 21 ఏళ్ల లోపువారికి పొగాకు అమ్మరాదంటూ సవరణ ఆమోదించింది. ఇక 2010 నుంచి సిగార్లు, చెరూట్ల తయారీలో విదేశీ ప్రత్యక్ష పెట్టుబడులకు దారి మూసేశారు.

అసలు ప్రశ్న వేరే ఉంది. ‘మైల్డ్’ అని రాసి ఉన్న సిగార్ నిజంగా మృదువేనా? నాలుకకు అవును. ఒంటికి కాదు. సిగార్ పొగకు క్షార గుణం ఉంటుంది. అది గొంతు దిగకపోయినా నికోటిన్ నోటి పొరల గుండానే రక్తంలోకి చేరుతుంది. ఒక పెద్ద సిగార్‌లో ఉండే పొగాకు ఒక సిగరెట్ పెట్టెకు సమానం కావచ్చు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1998లో సిగార్లపై వెలువరించిన నివేదిక నోరు, స్వరపేటిక, అన్నవాహిక క్యాన్సర్లతో వాటి సంబంధాన్ని స్పష్టంగా చెప్పింది. లోపలికి పీల్చనివారికి ఊపిరితిత్తుల ముప్పు సిగరెట్ తాగేవారికంటే తక్కువే. నోటి ముప్పు మాత్రం దాదాపు సమానం. ‘మృదువు’ అనేది రుచికి పెట్టిన పేరు, ప్రమాదానికి కాదు. పెట్టె మీద బొమ్మ ఎంత అందంగా ఉన్నా, 2016 నుంచి దాని మీద 85 శాతం చోటు ప్రమాద హెచ్చరికకే ఇవ్వాల్సి వచ్చింది. ఊళ్లోనే మెహర్‌బాయ్ టాటా పేర క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. దాని తలుపు దగ్గర ఖైనీ, బీడీ, సిగార్ అనే తేడా ఎవరూ చూడరు.

ఇది తెలిసీ తాగేవారున్నారు. వారిలో కొందరు పెట్టుకున్న నియమం వారానికి ఒకటి, అదీ ఆదివారం, పిల్లలు ఇంట్లో లేనప్పుడు. సిగరెట్‌లా జేబులోంచి తీసి రోడ్డు మీద వెలిగించేది కాదు కాబట్టి ఆ నియమం నిలబడే అవకాశం కాస్త ఎక్కువే. గంట సేపు కూర్చునే తీరిక లేనప్పుడు సిగార్ ముట్టుకోకపోవడం మంచి తాగరుల మొదటి గుణం. రెండోది, చివరి రెండంగుళాలు వదిలేయడం. అప్పటికి లోపలి నూనెలన్నీ అక్కడ చేరి ఘాటెక్కుతుంది. దాన్ని నలిపి ఆర్పరు. పళ్లెం మీద ఉంచితే అదే చల్లారుతుంది. నలిపితే వచ్చే వాసన పక్కింటివాడితో స్నేహాన్ని చెడగొట్టగలదు.

మరి మనదైన మెత్తని సిగార్ ఎందుకు లేదు? అందుకు కావలసినవన్నీ విడివిడిగా మన దగ్గరే ఉన్నాయి. 1947లో రాజమండ్రిలో ఏర్పాటైన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ సిగార్, చుట్ట రకాల మీద తమిళనాడులోని వేదసందూర్‌లోనూ, పైన చుట్టే ఆకు మీద ఉత్తర బెంగాల్‌లోని దిన్హటాలోనూ కేంద్రాలు నడిపింది. దిండిగల్‌లో స్పెన్సర్ కంపెనీ చుట్టిన సిగార్లు ఒకప్పుడు ఓడలెక్కాయి. ఒండ్రులో పండిన లంక ఆకు రుచి సంగతి హోమ్స్‌కే తెలుసు. ఈ మూడింటినీ ఒక బల్ల మీదకు చేర్చే వ్యాపారి రాలేదు. గుంటూరు, ప్రకాశం నేలల్లో సిగరెట్‌కు పనికొచ్చే వర్జీనియా ఆకు డబ్బు తెచ్చింది. ఆకు ఆరబెట్టే కొట్టాలు లేచాయి, వేలం కేంద్రాలు వచ్చాయి. లంక ఆకు చుట్టలకే మిగిలింది. చుట్ట తాగేవారు ముసలివారయ్యారు. ఆరోగ్యం లెక్కన ఇది నష్టం కాదు. ఒక పంట విద్య పోవడం మాత్రం నష్టమే. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు.

టాటానగర్ నుంచి ఎర్నాకుళం వెళ్లే ఎక్స్‌ప్రెస్ రాయగడ కొండలు దిగి విజయనగరం మీదుగా రాజమండ్రి చేరుతుంది. సంక్రాంతి రోజుల్లో ఆ బండిలో జంషెడ్‌పూర్ తెలుగు కుటుంబాలకు సీట్లు దొరకవు. చాలామంది విజయనగరంలోనే దిగిపోతారు. ఇంకా ముందుకెళ్లేవారికి గోదావరి వంతెన మీద నది మధ్యలో లంకలు కనిపిస్తాయి. వరద తీసిన ఒండ్రు మీద అరటి, కూరగాయలు, అక్కడక్కడా వెడల్పాటి ఆకుల పొగాకు మడులు. జనవరి కాబట్టి ఆకు ఇంకా పచ్చిగానే ఉంటుంది. కోతకు నెలో, నెలన్నరో పడుతుంది.